ఎర్రక్కను అరువు తెచ్చిన సంగతి

మన చిత్రశాల అరువు పత్రం రెండు పేజీలు. ఎత్తెంత, బరువెంత, ఏ లోహం, ఏ కాలం, ఎక్కడ పగిలింది, ఎక్కడ అతికారు, అన్నిటికీ గడులున్నాయి. అట్టడుగున, సంతకానికి పైన, ఒక ప్రశ్న ఉంటుంది: "ఈ వస్తువు లేనప్పుడు మీ ఇంట్లో ఏ పని ఆగుతుంది?" కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు దాన్ని చదివి నవ్వుకుంటున్నారని, కొందరైతే వస్తువు గలవాళ్ళను అడక్కుండానే 'ఏదీ లేదు' అని తామే రాసేసి చేతులు దులుపుకుంటున్నారని నా చెవిన పడింది.

ఆ ప్రశ్న పెట్టించినవాణ్ణి నేనే. నాకు తిక్క ఉన్నమాట నిజమే గానీ, అది తిక్కతో పెట్టిన ప్రశ్న కాదు. నేను చేసిన తప్పుకు ఒక ఆడపిల్ల వానాకాలంలో పత్తి దాచే కొట్టులో కాపురం ఉండవలసి వచ్చింది. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆఫీసు ఫైళ్ళలో అది లేదు.

ఈ ఉద్యోగం ఏమిటంటే

నాది కోవిల్‌పట్టి. మా వైపు తెలుగు నోట్లో ఉంటుంది గానీ కాగితం మీద ఉండదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది మద్రాసులో, ఉద్యోగంలో చేరాక, తాటాకుల మీద రాతలు చూడవలసి వచ్చి. అందుకే నా రాతలో పుస్తకాల వాసన ఎక్కువ కొడితే మన్నించండి.

పందొమ్మిది వందల ఇరవైల చివర్లో చేరాను. చిత్రశాలలో ఉద్యోగమంటే మా నాన్న నేను బొమ్మలు గీస్తాననుకున్నాడు. చనిపోయేదాకా అలాగే అనుకున్నాడు. నేను ఒక్క గీత గీయలేదు. నా పని మూడు రకాలు. ఊళ్ళలో మంచి వస్తువులు ఎక్కడున్నాయో కనిపెట్టి చిత్రశాలకు సంపాదించడం, అమ్మనివాళ్ళ దగ్గర ప్రదర్శనకు అరువు తేవడం, విదేశాల్లో ప్రదర్శనలు జరిగితే వాటిని భద్రంగా పంపి భద్రంగా వెనక్కి తెప్పించడం. చివరిది వినడానికి తేలిక. నా జుట్టు నెరిసింది దానివల్లనే.

ఈ పనికి కావలసింది పాండిత్యం కాదని నా అభిప్రాయం. పాండిత్యం గలవాళ్ళు మా దగ్గర చాలామంది ఉండేవారు, వస్తువును చూడగానే శతాబ్దం చెప్పేసి వెళ్ళిపోయేవారు. నాకు అంత చదువు లేదు గనక వస్తువు ముందు కూర్చుని, దాని పక్కన ఉన్న మనిషిని సతాయించేవాణ్ణి. ఇది ఇక్కడెందుకుంది, దీన్ని ఎవరు ముట్టుకుంటారు, ఈ గీత ఎలా పడింది అని. ఆ కుతూహలమే నన్ను ముప్పై ఏళ్ళు లాక్కొచ్చింది. అది లేనిచోటనే నేను బోర్లా పడ్డాను కూడా.

తుమ్ములు తెప్పించిన తలుపులు

ముందు ఒక చిన్న సంగతి చెబుతాను, నవ్వుకోవడానికి.

విరుదునగరంలో ఒక మిరపకాయల వ్యాపారి దగ్గర చెక్కిన టేకు తలుపుల జత ఉందని తెలిసి వెళ్ళాను. గోదాము వెనక గోడకు ఆనించి, వాటి మీద మిరపకాయల బస్తాలు పేర్చి ఉన్నాయి. హంసలు, తీగలు, చేతిలో అద్దం పట్టుకున్న ఒక ఆడది. ఆయన ఊరికే ఇచ్చేశాడు. "తీస్కోని పోండి, ఎలకలకు అడ్డం పెట్టినాము" అన్నాడు. నా అదృష్టానికి నేనే మురిసిపోయి మద్రాసుకు చేర్చి, శుభ్రంగా తుడిపించి, పెద్ద హాల్లో నిలబెట్టాను.

ఫ్రాన్సు నుంచి ఒక పండితుడు వచ్చాడు. ఆ హంసల దగ్గర ముక్కు పెట్టి చూసి, తుమ్మడం మొదలుపెట్టి, గది దాటిపోయేదాకా ఆపలేదు. ఆ తర్వాత గవర్నరు గారి బంధువులు, బడిపిల్లలు, మా కాపలావాడు, అందరూ అదే వరస. మిరప ఘాటు చెక్కడంలో లోలోపలికి దిగిపోయింది. ఏడాది పాటు బ్రష్షుతో తీశాం.

పండితులు ఆ తలుపుల వయసు గురించి తగవులాడారు. అవి పుట్టింది ఎప్పుడైనా, పెరిగింది మాత్రం మిరప గోదాములో. వస్తువు ఎక్కడ ఉండి వచ్చిందో అడగాలని ఆనాడే నాకు బోధపడి ఉండాలి. నేను తుడిచే బ్రష్షులు ఎన్ని కావాలో మాత్రమే నేర్చుకున్నాను.

పుదూరు దారిలో

ముప్పైల్లో లండన్‌లో ఒక పెద్ద ప్రదర్శనకు మన దేశపు లోహ విగ్రహాలు కావాలని మా చిత్రశాలకు ఉత్తరం వచ్చింది. గుళ్ళలోని దేవుళ్ళు దొరకరు. మా దొర, అంటే చిత్రశాల అధికారి, "ఇళ్ళలో పూజించేవి ఏవైనా ఉన్నాయా?" అని నన్ను అడిగాడు.

నాకు వెంటనే మా మేనత్త గుర్తొచ్చింది. మా నాన్న అక్క, ముత్తక్క అత్త. కోవిల్‌పట్టి నుంచి విళాత్తికుళం పోయే దారిలో దిగి పుదూరు వైపు బండిలో పోతే ఆమె ఊరు. నల్లరేగడి, వాన పడితే పంట, లేకపోతే లేదు. వాళ్ళ ఇంట్లో ఎర్రక్క ఉంది. మూరెడు ఎత్తు కంచు విగ్రహం. ఎప్పుడో ఆ వంశంలో చనిపోయిన ఒక ఇల్లాలిని అలా పోతపోయించి పెట్టుకున్నారు. నిలబడి, ఒక చెయ్యి కిందికి వేలాడేసి, ఇంకో చెయ్యి నడుము మీద పెట్టుకుని, పనికి పోతూ ఒక్క నిమిషం ఆగినట్టు ఉంటుంది. ముఖం లేదు. ముఖం ఉండవలసిన చోట నున్నగా, నది గులకరాయిలా ఉంటుంది.

మాసి నెలలో, అంటే శివరాత్రి రోజుల్లో, వెళ్ళాను. కొత్త పత్తి ఏరుతున్నారు, ఇంటి ముందు తెల్లగా కుప్పలు. అత్త కొంగు దులుపుకుంటూ లేచింది.

"రా అల్లుడూ, కూసో. మొగం వాడిపోయి ఉండాది. కంబు కూడు ఉండాది, మోరు పోస్తా."

సజ్జ అన్నం, మజ్జిగ తాగి, ఎర్రక్కను చూపించమన్నాను. అత్త ఆమెను గూట్లోంచి తీసి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని తెచ్చింది.

"దీనికి మొగం మొదట్నించే లేదా అత్తా?"

"ఎందుకు లేదు? మా అత్త వచ్చినప్పుడు ముక్కు కొన ఉండెనంట. నేను వచ్చినప్పుడు ఒక కన్ను తెలుస్తా ఉండె. చింతపండు, బూడిద పెట్టి తోమి తోమి అదీ పోయె."

నాకు ఒళ్ళు పులకరించింది. ముఖం ఎలా పోయిందో తెలిసింది కదా అని మురిసిపోయి రాసుకున్నాను. ఎవరు తోముతారు, ఎప్పుడు తోముతారు అని అడగలేదు. ఇత్తడి చెంబు తోమినట్టే శుక్రవారం శుక్రవారం తోముతారనుకున్నాను. మేనత్త ఇల్లు గదా, నాకు తెలియనిది ఏముంటుందిలే అన్న ధీమా. పరాయి ఇల్లయితే వంద ప్రశ్నలు వేసేవాణ్ణి.

లండన్‌కు పంపుదామని చెప్పాను. అత్త, "ఓడలోనా?" అంది. "ఓడలోనే." "తడవదు గదా?" "తడవదు." "మళ్ళా ఎప్పుడు వస్తాది?"

"ఆడి నెలకల్లా తెచ్చి ఇస్తా అత్తా."

ఆడి అంటే ఆషాఢం, అప్పటికి ఐదు నెలలుంది. అత్త వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంది. "ఆడికి వస్తే సరి. నీ మాట మీద ఇస్తా ఉండాను. వేరే ఎవురన్నా వచ్చి అడిగి ఉంటే గుమ్మం ఎక్కనిచ్చే దాన్ని కాదు" అంది.

ఆ వేళ్ళు దేనికి మడిచిందో నేను అడగలేదు. పత్రంలో దానికి గడి లేదు.

నా పత్తి

ప్యాకింగు గురించి రెండు మాటలు చెప్పాలి, మీరంతా అది కూలీల పని అనుకుంటారు గనక.

మద్రాసులో మాకు ఒక వడ్రంగి ఆచారి ఉండేవాడు. పెట్టెలు కట్టడంలో అతన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. వస్తువు పెట్టెలో కదలకూడదు, అలాగని బిగుసుకోనూ కూడదు, అదే అతని శాస్త్రం. చుట్టూ ఎండబెట్టిన చెక్క తురుము కూరేవాడు.

నేను ఎర్రక్కను కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ దగ్గర కొన్న చెక్కపెట్టెలో పెట్టి, అత్త ముంగిట్లో కుప్పపోసిన పచ్చి పత్తిని, గింజలతో సహా, చుట్టూ కూరి తెచ్చాను. మా వైపు పత్తి మీద మాకు అంత నమ్మకం. పుట్టిన బిడ్డను దాంట్లోనే పడుకోబెడతాం, చెవిపోటుకు దాన్నే పెడతాం. ఆచారి పెట్టె తెరిచి చూసి ముఖం చిట్లించాడు.

"గింజలున్న పత్తి ఎందుకయ్యా? తీసేసి తురుము వేస్తాను."

"మా పత్తికి వంక పెట్టకు ఆచారీ. కరిసల్ నేల పత్తి ఇది" అన్నాను. కరిసల్ అంటే మా నల్లరేగడి.

"నేల మంచిదే అయ్యా. గింజలో ఏముందో మీకు తెలుసా?"

తెలియదు. కానీ నేను అధికారిని, అతను వడ్రంగి. పత్తి అలాగే ఉంచి, పెద్ద పెట్టెలో ఆ పెట్టెను దించి మేకులు కొట్టించాను. ఊరి అభిమానం అనే జబ్బు ఈ ఉద్యోగంలో చాలా ప్రమాదం.

లండన్‌కు క్షేమంగా చేరింది. అక్కడ పత్తి పండదు గనక ఎవరూ పట్టించుకోలేదు. ఏ వస్తువుకు వచ్చిన ప్యాకింగు ఆ వస్తువు తిరుగు ప్రయాణానికి దాచిపెట్టడం వాళ్ళ పద్ధతి. నా పత్తిని కూడా గింజ రాలకుండా దాచారు, మహానుభావులు.

ఆమె తరఫున నేను చెప్పిన మాట

లండన్‌లో ఎర్రక్క పేరు మోగిపోయింది. ఆ రోజుల్లో అక్కడి కొత్త శిల్పులు ముక్కూ మొహం లేని బొమ్మలు చేస్తున్నారు. మన పల్లెటూరి పోతగాడు ఎన్నో తరాల ముందే ఆ పని చేశాడని పత్రికల్లో రాశారు. ముఖం వదిలెయ్యడంలో ఆ కళాకారుడి సాహసం అంటూ ఒకాయన పేజీలకు పేజీలు రాశాడు. చింతపండు సంగతి నేను పత్రంలో స్పష్టంగా రాసి పంపాను. ప్రదర్శనలో బొమ్మ పక్కన పెట్టే చీటీ మీద దాన్ని వాళ్ళు వేసుకోలేదు. నేను గట్టిగా మళ్ళీ రాయవలసింది. రాయలేదు. మా అత్త ఇంటి బొమ్మను లోకం పొగుడుతుంటే లోపల నాకు తియ్యగానే ఉంది.

అప్పుడు అమెరికాలో ఒక చిత్రశాల నుంచి ఉత్తరం వచ్చింది. ప్రదర్శనను అక్కడికి కూడా పంపాలని. దొర నన్ను పిలిచి అడిగాడు.

"ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటారా? ఉత్తరం రాసి అడగనా?"

"అక్కర్లేదండీ. ఆమె మా సొంత మేనత్త. ఏమీ అనుకోదు" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో అంత తేలిగ్గా అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. అబద్ధమని అప్పుడు నాకు తెలియదు, అదింకా ఘోరం. పంపడం అయిపోయాక అత్తకు ఒక కార్డు రాశాను, కొంచెం ఆలస్యమవుతుందని.

అమెరికా రేవులో పెట్టె తెరిచారు. వాళ్ళకు పత్తి పెద్ద పంట. మన పత్తి గింజలో పురుగు తమ చేలకు దిగుతుందని భయం, దానికి చట్టాలూ అధికారులూ ఉన్నారు. నా కరిసల్ పత్తిని చూడగానే పెట్టెనంతా పట్టుకుపోయి, పత్తి తగలబెట్టి, విగ్రహాన్ని విషపు పొగలో పెట్టారు. వారాలు గడిచాయి. పొగకు కంచు మీద మచ్చలు తేలాయి. ఆ చిత్రశాల వాళ్ళు పాపం మంచి ఉద్దేశంతోనే మచ్చలు తుడిచి, ఇక ముందు గాలి తగలకుండా విగ్రహానికంతా వార్నిషు పూశారు. ఇదంతా వివరిస్తూ చాలా మర్యాదగా ఉత్తరం రాశారు. చివర్లో, యజమానురాలు ఇష్టపడితే తామే కొనుక్కుంటామని కూడా రాశారు.

గింజలో ఏముందో మీకు తెలుసా అని ఆచారి అడిగాడు కదా. ఆ ఉత్తరం చదివి అతని దగ్గరికి పోయి చెప్పాను. అతను రంపం ఆపలేదు. "తురుము వేసి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేది" అన్నాడు.

పత్తి కొట్టు

పురట్టాసిలో, అంటే ఆడి పోయి ఇంకో నెల కూడా దాటాక, అత్త దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె చెబితే ఊరి పోస్టుమాను అరవంలో రాసినది. మా మాటలో చెబితే ఇంతే: "కొండసామి కళ్యాణం ఆవణిలో అయిపోయె. కోడలు లచ్చమ్మ పత్తి కొట్టులో ఉండాది. వాన పడితే కొట్టు కారతాది. ఎర్రక్క యాడికి వచ్చిందో ఒక కార్డు రాయి."

కొండసామి అత్తకు ఒక్కడే కొడుకు, అతని పెళ్ళికి పోవడానికి నాకు సెలవు దొరకలేదు. కొత్త కోడలు పత్తి కొట్టులో ఎందుకుండాలో నాకు అర్థం కాలేదు. సెలవు పెట్టి వెళ్ళాను.

అప్పుడు చెప్పింది అత్త, మొదటిసారి నేను అడగవలసిన సంగతంతా. ఆ ఇంటికి వచ్చిన కోడలు గుమ్మం బయటే నిలబడి, ఎర్రక్కను చింతపండుతో తోమి, నీళ్ళు పోసి, పసుపు పూసి, చంకనెత్తుకుని గుమ్మం దాటాలి. అంతదాకా ఇంట్లో అడుగు పెట్టకూడదు, పొయ్యి ముట్టకూడదు. అక్కణ్ణుంచి ఎర్రక్కను తోమడం ఆ కోడలి చేతి పనే. అత్త వేళ్ళు మడిచి లెక్క చూసింది దానికే. ఆడిలో ఎర్రక్క వస్తే ఆ మరుసటి నెల ఆవణిలో కొడుకు పెళ్ళి; కొంచెం ఆలస్యమన్న నా కార్డు నమ్మి ముహూర్తం మార్చలేదు. ఆ ఇంటికి చివరగా కోడలై వచ్చింది అత్తే, నేను పుట్టకముందు. అది గుమ్మం దగ్గర ఆడవాళ్ళు జరుపుకునే పని. మగవాళ్ళం ఎవరం ఎప్పుడూ పట్టించుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదు అత్తా?"

"నువ్వు అడగలేదే అప్పా. అంతా రాసుకుంటా ఉంటివి, అన్నీ తెలిసిన వాడనుకుంటి."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వాకిలి అవతల పత్తి కొట్టు తలుపు సగం తెరిచి ఉంది. ఒక చాప, ఒక కుండ, కింద పత్తి బస్తాలు, పైన కారే తాటాకు. లచ్చమ్మ గడప లోపల నిలబడి తల దించుకుని ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయి. అత్త ఆమెకు అన్నం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వస్తోంది. భార్యాభర్తలు వాకిట్లో ఎదురుపడితే ఇద్దరూ చెరోవైపు చూస్తున్నారు.

ఆ రోజే లచ్చమ్మ తండ్రి సుబ్బా నాయకరు ఏళాయిరంపన్నై నుంచి వచ్చి ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, మీ ఆపీసుకి అరువియ్యడానికి అది రోలా, రోకలా? సామి ఇల్లిడిసి పోయిందని మా ఊరంతా నవ్వతా ఉండారు. కార్తిక దాటనీ, నా పిల్లను బండెక్కిచ్చుకోని పోతా. మార్గళి శూన్యమాసం, కొత్త కోడల్ని ఎవురూ గుమ్మం దాటిచ్చరు. తై పొంగలి దాకా దీన్ని ఈ కొట్టులో పడేసి నేను కూసోలేను. ఈ కళ్యాణం తెంచి వేరే చోట ఇచ్చుకుంటా."

కొట్టులోంచి మెల్లగా ఒక గొంతు వచ్చింది. "నేను యాడికీ రాను నైనా. అది వస్తాది."

నేను చేసిన వాగ్దానాన్ని ఆ ఇంట్లో ఇంకా నమ్ముతున్నది ఆ పిల్ల ఒక్కతే. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మద్రాసుకు వచ్చి దొర ముందు నిలబడి అంతా చెప్పేశాను, పత్తి సంగతీ, అడక్కుండా ఆమె తరఫున ఒప్పుకున్న సంగతీ. ఆయన గురించి నాకు చాలా ఫిర్యాదులున్నాయి. వస్తువులంటే ప్రాణం, వాటి మనుషులంటే విసుగు. కానీ ఆ రోజు ఆయన అన్నమాట మరిచిపోలేను. "నువ్వు ఆమెను అడగలేదు. నేను నిన్ను అడిగి ఊరుకున్నాను. తప్పు ఇద్దరిదీ." అప్పటికప్పుడు అమెరికాకు తంతి ఇచ్చాడు, ప్రదర్శన నుంచి తీసి మొదటి ఓడకు ఎక్కించమని, అమ్మకం మాట ఎత్తొద్దని.

గుమ్మం ముందు

కార్తిక నెలలో ఇంక నాలుగు రోజులుండగా ఓడ వచ్చింది. పెట్టె రేవులోనే తెరిపించాను. చుట్టూ చక్కటి చెక్క తురుము ఉంది. ఎర్రక్క కొత్త బూట్లలా మెరుస్తోంది, వార్నిషు వాసన కొడుతోంది. ఆచారి దగ్గర ఒక సీసాడు స్పిరిటు తీసుకుని, ఆ సాయంత్రం రైలెక్కాను.

కోవిల్‌పట్టిలో దిగి బండి కట్టించుకుంటే, పుదూరు దారిలో నల్లమట్టి చక్రాలను మింగేసి బండి కదలనంది. చివరి మైలు ఎర్రక్కను భుజాన వేసుకుని నడిచాను. ఒక్కొక్క అడుగుకు వీశెడు మట్టి కాళ్ళకు అంటుకుంటుంది. నేను వాకిట్లోకి వచ్చేసరికి సుబ్బా నాయకరు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన తెచ్చిన బండి బయట ఉంది.

అత్త ఎర్రక్కను అందుకుని గుమ్మం ముందు పీట మీద నిలబెట్టింది. లచ్చమ్మ తలంటుకుని, పెళ్ళి చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. చింతపండు పిసికి, బూడిద అద్ది తోమడం మొదలుపెట్టింది. చింతపండు జారిపోతోంది. ఎంత తోమినా కంచు తగలడం లేదు. ఆమె చెయ్యి ఆపి అత్తకేసి చూసింది.

"ఏందిది?" అంది అత్త. "దీనికి ఎవురిదో తోలు కప్పినారు."

అరుగు మీద సుబ్బా నాయకరు లేచి నిలబడ్డాడు.

అప్పుడు అందరి ముందూ చెప్పాను. పచ్చి పత్తి కూరింది నేనే, దానివల్ల విషపు పొగ పెట్టారు, ఆ మచ్చలకు ఈ పూత పూశారు అని. అంతా విని అత్తకు కోపం వచ్చింది, కానీ నా మీద కాదు.

"మా పత్తికి పురుగనినారా? మా పత్తికా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సుబ్బా నాయకరికి మాత్రం నవ్వొచ్చింది, ఆయనదీ పత్తి చేనే మరి. మళ్ళీ కూర్చున్నాడు.

స్పిరిటు సీసా తీసి, దీనితో పోతుంది, నేను ముట్టుకోవచ్చా అని అడిగాను. ఈసారి అడిగాను. అత్త ఆలోచించి, "పూసినవాళ్ళు ఈడ లేరు. నువ్వే తియ్యి. మొగం మాత్రం ముట్టవద్దు" అంది. పాదాల దగ్గర మొదలుపెట్టి, గుడ్డ తడిపి, మెల్లమెల్లగా మెడ దాకా తీశాను. పొద్దు నడినెత్తికి వచ్చింది. వార్నిషు కిందనుంచి ఎర్రక్క అసలు రంగు తేలుతుంటే ఆ ఇంట్లో అందరూ ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

మెడ దగ్గర ఆపి గుడ్డ లచ్చమ్మకు అందించాను. ఎలా రుద్దాలో చూపించాను. స్పిరిటు ఘాటుకు ఆమె దగ్గి, కళ్ళు తుడుచుకుని, ఆ నున్నటి ముఖం మీద పూతంతా తీసింది. తర్వాత చింతపండు తీసుకుంది. ఈసారి చింతపండు పట్టింది.

పురావస్తువుల శాస్త్రం ప్రకారం ఆమె చేస్తున్నది తప్పు. తోమిన ప్రతిసారీ కంచు అరుగుతుంది, ఇంకా నాలుగు తరాలకు ఆ తల ఉంటుందో ఉండదో. ఈ విషయంలో నా మనసు ఇప్పటికీ ఎటూ తేలలేదు, తేలినట్టు మీ ముందు నటించను. ఆ రోజు మాత్రం నేను నోరు మూసుకుని నీళ్ళ చెంబు అందిస్తూ కూర్చున్నాను.

తోముతూ లచ్చమ్మ నాతో మొదటిసారి మాట్లాడింది. మొగుడి మేనమామ కొడుకును గనక అన్నా అని పిలిచింది.

"అన్నా, ఆ దేశంలో ఎర్రక్కను ఎవురు తోమినారు?"

"ఎవరూ తోమలేదమ్మా. అక్కడ ముట్టుకోనియ్యరు. అద్దాల పెట్టెలో పెట్టి, ముందర తాడు కట్టి, పక్కన కాపలా మనిషిని పెడతారు. జనం వచ్చి దూరంగా నిలబడి చూసి పోతారు."

ఆమె చెయ్యి ఆగింది.

"పది నెలలూ?"

"పది నెలలూ."

"ఒక్కరన్నా ముట్టలేదా?"

నేను నీళ్ళ చెంబు ఆమె దగ్గరికి జరిపాను. లచ్చమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. పత్తి కొట్టులో తడిసిన ఆ నాలుగు నెలలు ఆమె కన్నీళ్ళు పెట్టుకోలేదని తర్వాత అత్త చెప్పింది. చింతపండు అవతల పెట్టి, వట్టి చేత్తో ఎర్రక్క తల, భుజాలు, నడుము మీది ఆ చెయ్యి నిదానంగా నిమిరింది. మళ్ళీ మళ్ళీ నిమిరింది. తర్వాత పసుపు పూసి, చంకనెత్తుకుని, గుమ్మం దాటి లోపలికి పోయింది. కాసేపటికి పొయ్యి రాజేసిన పొగ వచ్చింది. సుబ్బా నాయకరు తన బండి ఎడ్లను విప్పి నీళ్ళకు తోలాడు.